మూలన పెట్టిన కంప్యూటరును మన పనికి తెచ్చుకుందాం

(కోడేరులో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హక్కుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయమే మాట్లాడతాను. అయితే రాజ్యాంగంతో గాని, కమిషన్ల నివేదికలతో గాని మొదలుపెట్టను. ఈ గది మూలలో నిన్నమొన్నటి వరకు పాత దుప్పటి కప్పుకొని పడి ఉన్న ఆ కంప్యూటరుతో మొదలుపెడతాను. నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపినవాణ్ణి. కార్బన్ కాగితాలు పెట్టి టైపు మిషను కొట్టిన చేతులివి. నడివయసులో కంప్యూటరు నేర్చుకోవలసి వచ్చినప్పుడు నా కొడుకు వయసున్న పిల్లల ముందు కూర్చొని నేర్చుకున్నాను. కాబట్టి నాకు అర్థమైన విషయం మీకు అర్థం కాకపోదు.

నిరుడు ఉపకారవేతనాల దరఖాస్తుల సమయంలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి సాయంత్రం పూట మా ఇంటికి వచ్చింది. "చాచా, నెట్ సెంటరులో సర్వర్ లేదన్నారు, రేపు రమ్మన్నారు. రేపే ఆఖరి తేదీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. అంతకు ముందు రోజు కూడా తల్లీ బిడ్డలిద్దరూ నాగర్‌కర్నూలుకు వెళ్ళి వచ్చారు. తల్లి కూలికి పోయే మనిషి. రెండు రోజుల కూలి పోయింది, బస్సు ఛార్జీలు పోయాయి, దరఖాస్తు మాత్రం వెళ్ళలేదు. చివరికి మరునాటి రాత్రి ఎలాగో పంపించగలిగాము. అల్‌హమ్దులిల్లాహ్. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల ఇంటికి యాభై అడుగుల దూరంలోనే మన గదిలో ఒక కంప్యూటరు ఉన్నది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మన ఊరి సోదరుడొకరు ప్రేమతో ఇచ్చినది. అది తెరుచుకోవడానికి పావుగంట పడుతున్నదని, దాన్ని తుక్కుకు వేయడమే మేలని మనమే తీర్మానించి దుప్పటి కప్పేశాము.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇందులో తప్పు నాది కూడా. కొన్నేళ్ళ కిందట మన ఖబరస్తాన్‌కు సంబంధించిన పాత కాగితాలను స్కాన్ చేయించి ఒక కంప్యూటరులో పెట్టాము. అందులో ఉన్నది దొంగ విండోస్. ఒక దుకాణంలో మూడు వందలు ఇచ్చి నేనే వేయించాను. లైసెన్సు అడగలేదు, అప్‌డేట్ల సంగతి తెలియదు. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చింది. ఒక ఉదయం చూస్తే ఫైళ్ళ పేర్లు ఉన్నాయి గాని ఏదీ తెరుచుకోలేదు. అసలు కాగితాలు భద్రంగా ఉన్నందువల్ల గండం గడిచింది. లేకపోతే ఈ రోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడగలిగేవాణ్ణి కాదు.

కాగితం నుంచి తెర మీదికి

ఈ రెండు సంగతులు ఎందుకు చెప్పానంటే, మన హక్కులు ఇప్పుడు కంప్యూటరు తెర గుండానే మన చేతికి వస్తున్నాయి. 2001 జనగణన లెక్కల ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం ఉండగా ముస్లింలలో అది 59.1 శాతమేనని 2006లో సచార్ కమిటీ చూపించింది. మన వెనుకబాటును అంకెలతో నిరూపించిన ఆ నివేదిక తరువాత ఎన్నో పథకాల గురించి విన్నాము. 2007 నాటి చట్టంతో బీసీ-ఇ వర్గానికి నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. కాని బీసీ-ఇ ధ్రువపత్రం కావాలన్నా, ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా మీసేవకు వెళ్ళాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అయితే ఈపాస్ వెబ్‌సైటు. కేంద్ర ఉపకారవేతనం అయితే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించిన తరువాత వక్ఫ్ ఆస్తుల వివరాలు, పత్రాలు కూడా అందులోనే అప్‌లోడ్ చేయవలసి వచ్చింది. ఆ చట్టంపై మన అభ్యంతరాలు వేరే సంగతి. మన మస్జిద్ కాగితాన్ని మనమే చక్కగా స్కాన్ చేసి, మనమే పంపించి, రసీదు మనమే దాచుకోగలమా అన్నది ఈ రోజు ప్రశ్న.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. రసీదు ఎవరి దగ్గర ఉంటే పట్టు వారిదే. ఇన్‌వర్డ్ నంబరు లేని అర్జీ అర్జీయే కాదు. ఇప్పుడు ఆ ఇన్‌వర్డ్ నంబరు కంప్యూటరు ఇస్తున్నది. అందువల్ల ఊరికొక మంచి కంప్యూటరు ఉండడం విలాసం కాదు, అవసరం.

పాత యంత్రానికి జబ్బు ఏమిటి?

మన కంప్యూటరు నిజంగా పాడైపోయిందా? లేదు. ఒక కార్యాలయాన్ని ఊహించుకోండి. హార్డ్‌డిస్క్ అంటే బీరువా. ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. ర్యామ్ అంటే గుమాస్తా ముందున్న బల్ల. బీరువాలోని ఫైలు బల్ల మీదికి వస్తేనే పని జరుగుతుంది. ఎవరికి ఎంత బల్ల ఇవ్వాలి, ఏ ఫైలు ఎప్పుడు తేవాలి అని చూసే సూపరింటెండెంటే ఆపరేటింగ్ సిస్టమ్. మన చిన్న బల్లను ఆ సూపరింటెండెంటు తన సామాను తోనే నింపేస్తే గుమాస్తా ఎక్కడ రాయాలి? పదిహేనేళ్ళ నాటి యంత్రంలో ఈనాటి బరువైన ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే జరిగేది అదే. బల్ల చాలక ప్రతి కాగితానికీ బీరువా దగ్గరికి పరుగెత్తడంతోనే పావుగంట గడిచిపోతుంది.

మరి పాత విండోసే ఉంచుకుంటే ఏమవుతుందని అడగవచ్చు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2020 జనవరి 14న భద్రతా అప్‌డేట్లు ఆపివేసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న గడువు ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మాత్రం మరొక ఏడాది పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11 వేసుకుందామంటే అది కనీసం 4 జీబీ ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగాన్ని, కొత్త తరం ప్రాసెసరును అడుగుతుంది. మన పాత యంత్రాల్లో అవి ఉండవు. అప్‌డేట్లు ఆగిన కంప్యూటరులో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కొట్టడమంటే తాళం విరిగిన బీరువాలో సర్వీసు రిజిస్టర్లు పెట్టడమే.

ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు

ఇక్కడే లినక్స్ మాట వస్తుంది. దీనికి ఖర్చు లేదనగానే మనవాళ్ళు రెండు రకాలుగా అనుమానిస్తారు. ఊరికే ఇచ్చేది ఎందుకు పనికి వస్తుందని కొందరు, ఇది కూడా దొంగదేనేమోనని కొందరు. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉండడం వల్ల ఈ గందరగోళం. మన ఉర్దూలో ఆ ఇబ్బంది లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. ఇది ముఫ్త్‌గా దొరుకుతుంది, నిజమే. కాని దీని అసలు గుణం ఆజాద్ కావడం.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించారు. సాఫ్ట్‌వేరును ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవచ్చు, నకళ్ళు తీసి ఇతరులకు ఇవ్వవచ్చు, తాను మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలే దానికి పునాది. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కేంద్ర భాగాన్ని రాశారు. ఈ రెండూ కలిసి ఎదిగిన ఆపరేటింగ్ సిస్టమ్‌నే మనం లినక్స్ అంటున్నాము. మీ చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల పనిచేస్తున్నది కూడా ఆ లినక్స్ కేంద్ర భాగమే. కాబట్టి ఇది మనకు కొత్త కాదు, పేరు మాత్రమే కొత్త.

నకలు తీసి ఇచ్చే హక్కు ఉండడం వల్ల మనకు కలిగే మేలు గమనించండి. కోడేరులో ఒక పెన్‌డ్రైవ్‌లో దింపుకున్న లినక్స్‌ను కొల్లాపూరు మదర్సాకు, పెద్దకొత్తపల్లి గ్రంథాలయానికి, పానగల్‌లోని ఒక విద్యార్థి ఇంటికి ఇవ్వవచ్చు. అది దొంగతనం కాదు, చట్టం ఒప్పుకొన్న పని. మూడు వందలు ఇచ్చి దొంగ విండోస్ వేయించుకున్న నాకు ఈ తేడా బాగా తెలుసు. మస్జిద్ సొమ్ముతో నడిచే గదిలో దొంగ సరుకు ఉండడం మనకు తగదు.

తెలుగు నేల మీద ఈ పని

ఇదేదో దూరదేశపు ముచ్చట అనుకోవద్దు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ 2005లోనే తెలుగు తెరతో ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ పేరుతో పాఠ్య సాఫ్ట్‌వేర్లను ఒకచోట కూర్చింది. ఇందులో పనిచేసినవారిలో ఎంతోమంది ఇంజనీరింగ్ విద్యార్థులే. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీ-డాక్ 2007లో బాస్ లినక్స్ తెచ్చింది. తెలుగు, ఉర్దూతో సహా అనేక భారతీయ భాషలకు అందులో చోటు కల్పించింది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం క్రమంగా ప్రభుత్వ బడులన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపు మళ్ళించింది. 2017లో కైట్ అనే సంస్థగా మారిన ఆ కార్యక్రమం ఇప్పటికీ తన సొంత లినక్స్‌ను బడులకు ఇస్తున్నది. అక్కడి పిల్లలు పదో తరగతిలో ఐటీ పరీక్ష దానిమీదనే రాస్తున్నారు. అక్కడి పిల్లలకు సాధ్యమైనది పాలమూరు పిల్లలకు ఎందుకు సాధ్యం కాదు?

ఎన్నుకోవడం ఎలా?

లినక్స్ ఒకటి కాదు, వందల రకాలున్నాయి. మన పిల్లలు ఇక్కడే తికమక పడ్డారు. ఎక్కువగా విన్న పేరని మొదట ఉబుంటు అసలు రూపాన్నే వేశారు. అది మంచిదే గాని మన యంత్రానికి మోయలేని బరువు. విండోస్ ఎంత నెమ్మదిగా నడిచిందో అదీ అంతే నెమ్మదిగా నడిచింది. "చాచా, లినక్స్ కూడా లాభం లేదు" అన్నారు. లోపం లినక్స్‌లో లేదు, ఎంపికలో ఉన్నది. దర్జీ దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు కొలత ఇస్తాము, తరువాత గుడ్డ ఎంచుతాము. ఇక్కడ కూడా పేరు చూడకండి, కొలత చూడండి. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటి ప్రశ్న: ర్యామ్ ఎంత? పాత విండోస్ ఉన్నప్పుడే మై కంప్యూటర్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే అది కనిపిస్తుంది.

రెండవ ప్రశ్న: ప్రాసెసరు 64 బిట్‌దా, 32 బిట్‌దా? ఒక జాగ్రత్త చెబుతున్నాను. తెరమీద 32 బిట్ అని కనిపించినంత మాత్రాన నిరాశ పడవద్దు. అది విండోస్ గురించి కావచ్చు. 64 బిట్ యంత్రాల మీద 32 బిట్ విండోస్ వేసిన దుకాణాలు ఎన్నో. కోర్ 2 డుయో ప్రాసెసరు ఉన్న కంప్యూటర్లు 64 బిట్‌వే. ప్రాసెసరు పేరు చూసి తేల్చుకోండి.

మూడవ ప్రశ్న: దీనితో ఏ పని చేస్తాము? టైపు చేసుకోవడానికా, పోర్టళ్ళలో దరఖాస్తులు పంపడానికా, వీడియో పాఠాలు చూడడానికా? నిజానికి ఈనాడు కంప్యూటరు బల్లను ఎక్కువగా ఆక్రమించేది బ్రౌజరు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత తేలికైనా వెబ్‌సైట్ల బరువు తగ్గదు.

ఈ మూడింటికి జవాబులు వచ్చాక ఎంపిక సులభం. 64 బిట్ యంత్రం, 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రూపం వేసుకోండి. విండోస్ అలవాటు ఉన్నవారికి కింద పట్టీ, మెనూ అన్నీ తెలిసిన చోటనే ఉంటాయి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉంటే లుబుంటు సరిపోతుంది. ఇది ఉబుంటు కుటుంబంలోని తేలిక రూపం. ఒకసారి రెండు మూడు ట్యాబులకు మించి తెరవకపోతే దరఖాస్తు పని నడుస్తుంది. దీన్ని దింపుకునేటప్పుడు ఎల్‌టీఎస్ అని ఉన్న వెర్షన్‌నే తీసుకోండి. అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చేది అని అర్థం. 2024 ఏప్రిల్ నాటి లుబుంటు ఎల్‌టీఎస్‌కు మూడేళ్ళు, అంటే 2027 ఏప్రిల్ వరకు గడువు ఉన్నది.

1 జీబీ లేదా అంతకంటే తక్కువ ఉన్నా, 32 బిట్ యంత్రమైనా యాంటిఎక్స్, పప్పీ లినక్స్ వంటివి ఉన్నాయి. పప్పీ ఎంత చిన్నదంటే మొత్తంగా ర్యామ్‌లోనే కూర్చొని నడుస్తుంది. కాని నిజం చెప్పాలి. 32 బిట్ యంత్రాల కాలం ముగుస్తున్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 32 బిట్ లినక్స్‌కు కొత్త వెర్షన్లు ఆపివేసింది. అటువంటి యంత్రాన్ని పిల్లలు టైపింగు నేర్చుకోవడానికి, పుస్తకాలు చదువుకోవడానికి ఉంచండి. బ్యాంకు, ఆధార్ పనులు దానిమీద చేయవద్దు.

కొద్దిగా ఖర్చు పెట్టగలిగితే ముందుగా ర్యామ్ పెంచండి, తరువాత పాత హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. కొత్త కంప్యూటరు ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. ఇంకొక చిన్న విషయం. పాత కంప్యూటరులో గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు. లోపల ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిందని దాని అర్థం. నలుగురు తాగే చాయ్ డబ్బులతో అది వస్తుంది.

వేసే ముందు పాటించవలసినవి

మొదటి పని ఫైళ్ళన్నిటినీ వేరే చోటికి నకలు తీసుకోవడం. ఈ మాట చెప్పే అర్హత నాకు అనుభవం వల్ల వచ్చింది. ఒక నకలు ఇక్కడ, ఒక నకలు ఇంకొక ఇంట్లో ఉండాలి.

రెండవది, లినక్స్‌ను దాని అసలు వెబ్‌సైటు నుంచే దింపుకోవాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. రూఫస్ గాని, ఎచర్ గాని వాడి దింపిన ఫైలును అందులోకి ఎక్కించాలి. ఊరికే కాపీ చేసి పెడితే పనిచేయదు.

మూడవది, కంప్యూటరు తెరిచేటప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటల్లో మీ యంత్రానికి తగినది నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి తెరవండి. అప్పుడు లినక్స్ హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే నడుస్తుంది. పెన్‌డ్రైవ్ మీద కొంత నెమ్మదిగా ఉండడం సహజం. ఇంటర్నెట్ అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు పలుకుతున్నదా, తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా అని ఒక పూట చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది. అంతా బాగుందనుకున్న తరువాతనే ఇన్‌స్టాల్ మీట నొక్కండి. డిస్క్ మొత్తం చెరిపివేయాలా అని అది అడిగినప్పుడు మాత్రం బిస్మిల్లాహ్ అని తొందరపడకండి. నకళ్ళు తీశామా అని మరొకసారి చూసుకోండి.

తెలుగు, ఉర్దూ టైపింగు గురించి కొందరు అడిగారు. రెండూ ఉన్నాయి. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఉన్నది. నోటో నస్తాలీక్ ఉర్దూ ఫాంటు వేసుకుంటే ఉర్దూ అక్షరాలు మన పుస్తకాల్లో ఉన్నట్టే కనిపిస్తాయి. పోతన, వేమన వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లిబ్రే ఆఫీసుతో అర్జీలు, జాబితాలు, లెక్కలు అన్నీ చేయవచ్చు.

పరిమితులు కూడా తెలియాలి

ఏ వస్తువునైనా లోపాలు దాచి అమ్మడం మన పద్ధతి కాదు. లినక్స్‌లో కుదరని పనులున్నాయి. డీటీపీ వాళ్ళు వాడే అను స్క్రిప్ట్, దుకాణాల లెక్కలకు వాడే టాలీ విండోస్ కోసం చేసినవి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు చాలావాటికి విండోస్ సాఫ్ట్‌వేరే ఇస్తారు. కొన్ని పాత లేజరు ప్రింటర్లు లినక్స్‌తో పలకవు. మన గదిలోని ప్రింటరు కూడా ఇప్పటికీ పలకడం లేదు. అందువల్ల రసీదును పీడీఎఫ్‌గా దాచుకొని ప్రింటు మాత్రం బయట తీయించుకుంటున్నాము. ఉపాధి కోసం డీటీపీ పెట్టుకునే యువకుడు లైసెన్సు ఉన్న విండోస్ కొనుక్కోవలసిందే. కాని ఒక విద్యార్థికి, ఒక గ్రంథాలయానికి, ఒక జమాఅత్ గదికి కావలసిన పనులు ముప్పాతిక వంతు బ్రౌజరులోనే జరుగుతాయి. వాటికి లినక్స్ చాలు.

మన యంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. అది కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్. రెండవ ప్రయత్నంలో లుబుంటు వేశాము. పావుగంట పట్టేది ఇప్పుడు రెండు నిమిషాల లోపే తెరుచుకుంటున్నది. వేసింది నేను కాదు, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు. నేను పక్కన కూర్చొని ఏం చేశారో నోటుబుక్కులో ఒక్కొక్క మెట్టూ రాసుకున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ నోటుబుక్కు ఈ బల్ల మీదనే ఉన్నది. ఎవరైనా చూసి రాసుకోవచ్చు.

అయితే నలుగురు వాడే కంప్యూటరుకు కట్టుబాట్లు ఉండాలి. ఎవరి పాస్‌వర్డునూ బ్రౌజరులో దాచవద్దు. పని కాగానే లాగౌట్ చేయాలి. ఎవరి ఓటీపీనీ ఇంకొకరు అడగకూడదు. ఒకరి ఆధార్ స్కాన్ పని ముగిశాక గదిలో ఉండకూడదు. అది వారి అమానత్. జమాఅత్ కాగితాలకు వేరే ఖాతా, పిల్లలకు వేరే ఖాతా పెట్టాము. ఆడపిల్లల కోసం వారానికి కొన్ని గంటలు కేటాయించాలి. ఆ సమయంలో మన చెల్లెళ్ళలో ఒకరు బాధ్యత తీసుకుంటే తల్లిదండ్రులు నిశ్చింతగా పంపుతారు.

జమాఅత్ పెద్దలకు నా మనవి మూడు మాటలు. ప్రతి ఊరిలో మూలన పడిన కంప్యూటర్ల జాబితా తయారు చేయండి. ప్రతి ఊరి నుంచి ఇద్దరిని, అందులో ఒకరు ఆడపిల్ల అయ్యేలా, ఈ పని నేర్చుకోవడానికి పంపండి. మన మస్జిద్, ఖబరస్తాన్, ఈద్‌గాహ్ కాగితాలను స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరచండి. వీటిలో దేనికీ ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, చందా కూడా అక్కరలేదు.

ఉపకారవేతనం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఇవ్వకపోతే అడగడం మన హక్కు. కాని దరఖాస్తే చేరకపోతే ఏమని అడుగుతాము? ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి మొన్న ఇదే గదిలో, ఇదే కంప్యూటరు మీద తన తమ్ముడి దరఖాస్తు తానే నింపింది. రసీదు నంబరు ఒక కాగితం మీద రాసి నాకు చూపించి, "చాచా, ఇన్‌వర్డ్ నంబరు వచ్చింది" అన్నది. నేను ఇన్నేళ్ళు ఎందరికో ఇన్‌వర్డ్ నంబర్లు రాసి ఇచ్చాను. ఆ మాట నాకు ఒకరు చెప్పడం మాత్రం అదే మొదటిసారి.

అల్లాహ్ మన పిల్లల చదువులో బర్కత్ ప్రసాదించుగాక.